గాలి అక్కర్లేని పెడళ్ళు

శబ్దం లేని వాయిద్యం ఒకటి కొనుక్కుని మా ఆయన గుంటూరు బస్సు దిగాడు. పొడవాటి అట్టపెట్టె విప్పి మంచం మీద పెట్టాడు. తెల్ల మెట్లూ నల్ల మెట్లూ ఉన్నాయి. తుడిచి, నావైపు తిప్పి, "నొక్కి చూడు" అన్నాడు. నొక్కాను. ప్లాస్టిక్ టకటకమంది తప్ప పలకలేదు.

"చెడిపోయింది నీకు అంటగట్టారయ్యా."

"చెడిపోవటం ఏందే. అది అంతే. దాంట్లో శబ్దం ఉండదు."

"మరి ఎక్కడుంటది?"

"కంప్యూటర్లో."

అప్పటికి మా ఇంట్లో కంప్యూటరు లేదు. మా వీధిలోనే లేదు. మెట్లు ఒకచోట, శబ్దం ఇంకోచోట ఉండే వాయిద్యాన్ని కొన్నవాడి ముఖంలో ఏమైనా సిగ్గు కనిపిస్తుందేమోనని చూశాను. కనిపించలేదు. పెట్టె అడుగు నుంచి ఇంకో రెండు వస్తువులు తీశాడు. ఇస్త్రీ పెట్టె అడుగుభాగంలా ఉన్న రెండు పెడళ్ళు, వాటికి వైర్లు.

"ఒకటి చాలన్నాడు షాపాయన. నేనే రెండడిగా. రెండు కాళ్ళకీ రెండుండాల గదా."

ఆ రెండు కాళ్ళలో ఒకటి పనికిరాకుండా పోవడం వల్లే ఇదంతా మొదలైంది. మా దూదేకుల ఇళ్ళల్లో దూది ఏకడం ఎప్పుడో పోయింది. కొందరు పొలాల్లోకి, కొందరు మిల్లుల్లోకి వెళ్ళారు, కొందరు వాయిద్యాలు పట్టుకున్నారు. మా ఆయన పద్య నాటకాలకి కాలి హార్మోనియం వాయించేవాడు. చేత్తో తిత్తి ఊదే చిన్న పెట్టె కాదు, బల్లంత ఉంటుంది. కింద రెండు చెక్కలుంటాయి. కాళ్ళతో ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతూ ఉంటే లోపల తిత్తుల్లోకి గాలి వెళుతుంది, రెండు చేతులూ మెట్ల మీద ఖాళీగా ఉంటాయి. నాటకం రాత్రంతా నడిస్తే కాళ్ళూ రాత్రంతా నడవాలి. దర్శిలో నాటకం అయ్యాక సెట్టు సామాను వేసిన ట్రాలీ దిగబోయి కిందపడ్డాడు. కుడి మోకాలి చిప్ప పగిలింది. ఎముక అతికింది గానీ కాలు సగం కంటే మడవదు. నాటక సమాజం వాళ్ళు కొన్నాళ్ళు చూసి, ఒంగోలు వైపు నుంచి వేరే అతన్ని పెట్టుకున్నారు.

ఆ తర్వాత ఆయన మంచం మీద పడుకుని ప్రపంచంలో తప్పులు వెతకడం మొదలుపెట్టాడు. పప్పులో ఉప్పు, ఎదురింటి రేడియో శృతి, పాలవాడి కేక, నేను చీపురు పట్టుకునే పద్ధతి. నాటకాల్లో వాయించే రోజుల్లో నెలలో సగం ఇంట్లో ఉండేవాడు కాదు. అంత సుఖంగా కాపురం చేశానని అప్పుడు నాకు తెలియలేదు. అయితే కోపం వచ్చినా మాట అనలేకపోయేదాన్ని. అన్నం తింటూ తింటూ ఎడమ చేతి వేళ్ళు మంచం పట్టె మీద పద్యం ఎత్తుకోవడం, మధ్యలో ఆ సంగతి తనకే తెలిసి చెయ్యి వెనక్కి లాక్కోవడం నేను చూశాను.

అలాంటప్పుడు గుంటూరులో పాటలు రికార్డు చేసే ఒకాయన కబురు పెట్టాడు. పాత నాటకాల పరిచయం. గుళ్ళ పాటలు, దర్గా పాటలు, చర్చి పాటలు, ఎలక్షన్ పాటలు, ఏవైనా చేస్తాడు. వాయిద్యాలన్నీ కంప్యూటర్లోకి మార్చేశాడట. అమరావతి గుడి మీద భక్తి పాటల సీడీ ఒకటి మొదలుపెడుతున్నాడు. పియానో కావాలి, అది పెడల్ తొక్కుతూ వాయించాలి, అప్పుడే ఒక స్వరం మరో స్వరంలోకి సాగుతుంది, లేకపోతే కర్రతో కొట్టినట్టు పొడిపొడిగా ఉంటుంది.

"నీ వేళ్ళ సంగతి నాకు తెలుసు. ఎడమ కాలితో తొక్కినా నాకు పర్లేదు. గట్టిగా తొక్కే పనే లేదు దానికి. పెడల్ అలవాటు చేసుకుని రా. నీకు కుదరకపోతే విజయవాడ నుంచి పిలిపిస్తా" అన్నాడట.

ఇదీ సంగతి. పెడల్ వస్తే మళ్ళీ వాయిద్యగాడు. రాకపోతే మంచం.

కంప్యూటరు మా ఆడబిడ్డ భర్త ఇచ్చాడు. నాకు తమ్ముడి వరస. చిలకలూరిపేటలో హైవే పక్కన నెట్ సెంటర్ నడిపేవాడు, కొత్తవి తెచ్చి పాతవి మూలన పడేశాడు. అందులో ఒకటి తెచ్చి మా బియ్యం డబ్బా పక్కన బల్ల మీద పెట్టాడు. రికార్డింగు ఆయన ఇచ్చిన సీడీ దాంట్లో వేశాడు. కాసేపటికి తెర మీద నల్లగా మెరుస్తూ పెద్ద పియానో బొమ్మ వచ్చింది. మా ఆయన మంచం మీది మెట్టు నొక్కితే తెర మీది మెట్టు దానంతట అదే కిందికి దిగింది. స్పీకర్లోంచి పియానో పలికింది. నిజం చెప్పొద్దూ, ఒక్క నిమిషం నాకూ ముచ్చటేసింది.

ఆ నిమిషం అయ్యాక ఆయన వాయించడం మొదలుపెట్టాడు, ఆపేశాడు.

"బావా, ఇది ఆలస్యంగా పలుకుతుంది."

"కొంచెం ఉంటది బావా."

"కొంచెమా? నేను స నొక్కి రి దగ్గరికి పోతే అప్పుడొస్తంది స. నా ఎనకాల ఎవడో నిలబడి నన్ను వెక్కిరిస్తన్నట్టుంది."

తమ్ముడు ఏదో గడి తెరిచి అందులో అంకె తగ్గించాడు. ఆలస్యం పోయింది గానీ స్పీకర్లో పేలాలు వేగడం మొదలైంది. అంకె పెంచితే వెక్కిరింత, తగ్గిస్తే పేలాలు. మధ్యలో ఎక్కడో రెండూ ఓర్చుకునేంతగా ఉన్నచోట ఆపి, పెడళ్ళ సంగతి ఫోన్లో చెబుతానని, షాపులో మనిషి లేడని వెళ్ళిపోయాడు. వెళుతూ వెళుతూ నావైపు చూసి, "అక్కా, నువ్వే చూసుకోవాల. బావకి ఇంగ్లీషక్షరాలు రావు గదా" అన్నాడు.

మా ఇంట్లో ఇంగ్లీషు అక్షరాలు నాకొక్కదానికే వచ్చు. తెలుగు అక్షరాలే నలభై దాటాక నేర్చుకున్నాను, పంచాయతీ ఆఫీసు వరండాలో సాయంత్రం పూట ఆడవాళ్ళకి చెప్పే క్లాసులో. ఇంగ్లీషు ఏ క్లాసులోనూ చెప్పలేదు. జిన్నింగ్ మిల్లులో పత్తి బేళ్ళ మీద మార్కులు వేసే పని చేశాను. రేకులో కోసిన అక్షరాలుంటాయి. రేకు బేలు మీద ఆనించి పైన నల్ల రంగు కుంచెతో రుద్దితే అక్షరం పడుతుంది. ఏ రేకు అడిగితే ఆ రేకు అందివ్వాలి కాబట్టి ఏ నుంచి జడ్ దాకా వచ్చేశాయి. కాకపోతే బేళ్ళ మీద వేసేవన్నీ పెద్ద అక్షరాలే. ఇంగ్లీషులో చిన్న అక్షరాలు వేరే ఉంటాయని విన్నాను గానీ వాటి ముఖం ఎరగను. ఈ పియానో తయారుచేసినవాళ్ళు ప్రతి మాటకీ మొదట ఒక పెద్ద అక్షరం పెట్టి, మిగతాదంతా చిన్న అక్షరాలతో నింపారు. వాళ్ళని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

మర్నాడు మిరప తొడిమలు తీసే పని నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, తమ్ముడికి ఫోన్ చేశాను.

"తెర మీద కింద పెడల్స్ అని ఉంటది అక్కా, పి తో. నొక్కావా? ఇప్పుడు మూడు పేర్లు వచ్చినయ్యి గదా. అందులో సస్టెయిన్ మనకి కావాల్సింది. ఎస్ తో మొదలవుతుంది చూడు, దాని మీద నొక్కు."

చూశాను.

"మూడూ ఎస్సే తమ్ముడూ."

తమ్ముడు అటుపక్క మూడు పేర్లూ పైకి చదువుకున్నాడు. "అవును, మూడూ ఎస్సే" అన్నాడు. ఒకటి శబ్దాన్ని సాగదీసేదట, ఒకటి పట్టుకున్న మెట్లని మాత్రమే సాగదీసేదట, ఇంకొకటి మెత్తబరిచేదట. పియానోకి ఉన్న మూడు పెడళ్ళకీ ఒకే అక్షరంతో పేర్లు పెట్టిన మహానుభావుడు ఎవరో గానీ, బేళ్ళకి మార్కులు వేసే పనిలో ఒక్క పూట కూడా నిలబడడు.

"రెండో అక్షరం యు చూడు అక్కా."

"యు పెద్దదా చిన్నదా?"

"చిన్నది. పెద్దదానిలాగే ఉంటదిలే, పొట్టిగా."

పొట్టి యు దొరికింది. నొక్కాను. అప్పుడు పక్కన ఒక గడి వచ్చింది. అందులో మాట మాత్రం అన్నీ పెద్ద అక్షరాలు. ఎల్, ఇ, ఎ, ఆర్, ఎన్. చదివి చెప్పాను.

"అది లెర్న్. నేర్చుకోమని. దాన్ని నొక్కి, బావని పెడల్ తొక్కమను. ఏ పెడల్ తొక్కితే ఆ పెడల్ని అది నేర్చుకుంటది."

నేను నొక్కాను. "తొక్కు" అన్నాను. ఆయన ఎడమది తొక్కాడు, ఆ వెంటనే కుంటికాలితో కుడిదీ తొక్కాడు, మళ్ళీ ఎడమది. హార్మోనియం తొక్కినట్టు.

"ఒకటే తొక్కవయ్యా."

"ఒకటే తొక్కానే."

"రెండు తొక్కావు."

"ఒకదాని తర్వాత ఒకటే గదా తొక్కింది."

అది కుడి పెడల్ నేర్చుకుంది. బాగుచేద్దామని మళ్ళీ లెర్న్ నొక్కితే ఇంకో ఎస్‌కి కూడా కుడి పెడలే అంటుకుంది. దాన్ని వదిలించబోతే పెడల్స్ గడి మొత్తం మాయమైంది. ఫోన్లో తమ్ముడు "ఇప్పుడేం కనపడతంది అక్కా" అంటాడు, కనిపించేవన్నీ చిన్న అక్షరాలు, నేను ఏం చెప్పను. ఈలోగా ఆయన కంప్యూటరు ఎలక పట్టుకుని తనే వెతుకుతానన్నాడు. ఇవ్వలేదు. లాక్కున్నాడు. ఎంత కడిగినా తొడిమలు తీసిన చేతి ఘాటు పూర్తిగా పోదు, ఎలక నిండా నా చేతి మిరపే ఉంది. అదే చేత్తో కన్ను నలుపుకున్నాడు. ఇక ఆ పూట పియానో లేదు, పెడల్ లేదు. తడిగుడ్డ కంటి మీద వేసుకుని మంచం మీద పడుకుని, "నేర్చుకోమని దానికి చెబుతావేందే, ముందు నువ్వు నేర్చుకో" అని నన్నే అన్నాడు.

నేర్చుకున్నాను. ఆయన్ని ఇంటి వెనక్కి పంపించి, పెడల్ నా చేత్తో నొక్కి, ఎడమది సాగదీసే ఎస్‌కి కుదిర్చాను. కుడిదాన్ని పీకి సంచిలో పెట్టాను. అంతటితో అయిపోయిందనుకున్నాను.

ఆయన వచ్చి కూర్చున్నాడు. అంతలో కరెంటు పోయింది. ఎండాకాలం మొదలైతే మా ఊళ్ళో కరెంటు ఇష్టమొచ్చినప్పుడు వచ్చేది. వచ్చాక కంప్యూటరు మళ్ళీ వెలిగించాను, మెట్ల కీబోర్డు వైరు దాని వెనకాల పెట్టాను, ఆయన మెట్టు నొక్కాడు. శబ్దం ఆగలేదు. పెడల్ తొక్కకుండానే ఒక స్వరం, దాని మీద ఇంకో స్వరం, దాని మీద ఇంకోటి, అన్నీ కలిసి గుయ్యిమని మోగుతూనే ఉన్నాయి. పెడల్ తొక్కితే టక్కున ఆగిపోయింది. వదిలితే మళ్ళీ గుయ్యి. అంతా తిరగబడింది. తొక్కితే సాగాల్సింది వదిలితే సాగుతోంది.

"ఏం చేశావే?"

"నేనేం చెయ్యలేదు."

"ఏదో నొక్కావు."

ఆ రోజు నుంచి ఎంతమందిని అడిగామో. తమ్ముడు ఫోన్లో విని, కరెంటు ఎక్కువ తక్కువ రావడం వల్ల అన్నాడు. రికార్డింగు ఆయన పెడల్‌లోనే తేడా అన్నాడు. పెడల్ని సంచిలో వేసుకుని గుంటూరు షాపుకి వెళితే, షాపాయన తన దగ్గరున్న అలాంటి కీబోర్డుకే తగిలించి, వెలిగించి, చేత్తో నొక్కి చూపించాడు. చక్కగా పనిచేసింది.

"మీ పెడల్ భేషుగ్గా ఉందమ్మా. మీ కంప్యూటర్లోనే ఏదో."

ఎర్రటి ఎండలో రెండు బస్సులు మారి ఇంటికి తెచ్చి పెట్టాం. ఆయన కూర్చున్నాడు, నేను వైరు పెట్టాను. గుయ్యి.

షాపులో పనిచేసింది ఇంట్లో పనిచెయ్యదు. ఇంట్లోనైనా అన్నిసార్లూ ఒకలా ఉండదు. ఒక్కోసారి బాగుంటుంది. ఆయన కొంచెం వాయించి, కళ్ళు మూసుకుని, ఎడమ కాలు మెల్లగా దించి లేపుతూ పాట అందుకుంటాడు, ఇక బాగుపడింది అనుకుని నేను పొయ్యి దగ్గరికి వెళ్తాను. కరెంటు పోతుంది. వస్తుంది. గుయ్యి. ఎదురింటావిడ గోడ మీంచి తొంగిచూసి, "ఏంది వదినా, అంబులెన్సు ఏమన్నా కొన్నారా" అంది. నవ్వాను. నవ్వుతూనే వైరు పీకేసి ఆ వాయిద్యాన్ని రోడ్డు మీదకి విసిరెయ్యాలనిపించింది.

ఆయనకి కోపం పోయి భయం పట్టుకుంది. అది ఇంకా చిరాకుగా ఉంది నాకు. తిట్టే మనిషి తిట్టడం మానేసి, "ఆ విజయవాడాయన్నే పిలిపించుకోమని చెప్పు, నాకు ఫోన్ కలుపు" అంటే ఎవరి మీద అరవాలి? కలపలేదు. "ఫోన్లో డబ్బుల్లేవు" అన్నాను. ఉన్నాయి.

శుక్రవారం ఆయన నమాజుకి వెళ్ళాడు. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి ఒకసారి నా ఇష్టప్రకారం చూద్దామని, నేనే వైరు పెట్టి, నేనే మెట్టు నొక్కాను. శబ్దం పలికి ఆగింది. పెడల్ నొక్కితే సాగింది. వదిలితే ఆగింది. వైరు పీకి మళ్ళీ పెట్టాను. బాగానే ఉంది. కంప్యూటరు ఆపి మళ్ళీ వెలిగించాను. బాగానే ఉంది. షాపాయన చేతిలో బాగుంది, నా చేతిలో బాగుంది. మా ఆయన ఇంట్లో ఉంటేనే బాగుండదు. నా కాపురం గురించి ఎవరైనా అడిగితే ఇదే మాట చెప్పేదాన్ని గానీ, పెడల్ గురించి ఇలా అనుకోవాల్సి వస్తుందని అనుకోలేదు.

ఆయన వచ్చాక ఏమీ అనకుండా, అన్నీ ఆపేసి, "కూర్చో, మళ్ళీ పెడతాను" అన్నాను. ఈసారి వైరు చూడలేదు, తెర చూడలేదు. మనిషిని చూశాను.

కుర్చీలో కూర్చున్నాడు. కుడి కాలు రెండు చేతులతో పట్టుకుని పక్కకి జరుపుకున్నాడు. ఎడమ కాలు పెడల్ మీద పెట్టి, రెండుసార్లు తొక్కి, మూడోసారి తొక్కిపట్టి ఉంచి, అప్పుడు తలెత్తి, "ఊఁ, ఇవ్వు కరెంటు" అన్నాడు.

నా చేతిలో వైరు అలాగే ఉంది.

"ముందే ఎందుకు తొక్కుతున్నావయ్యా?"

"ముందు తొక్కకపోతే ఎట్టా?"

"ఎందుకని అడుగుతున్నా."

"తిత్తిలో గాలి నింపకుండా మెట్ల మీద చెయ్యి వేస్తే మా నాయన చేతి మీద కొట్టేవాడు. కూర్చోంగానే తొక్కాల. గాలి నిండినాకే చెయ్యి."

"దీంట్లో గాలెక్కడుంది?"

పెడల్ వంక చూసుకున్నాడు. "లేదని నాకు తెలుసులే. కాలికి తెలియదు" అన్నాడు.

"తియ్యి కాలు."

తీశాడు. వైరు పెట్టాను. "ఇప్పుడు వాయించు." వాయించాడు. అంతా సవ్యంగా ఉంది. మళ్ళీ వైరు పీకి, కాలు పెట్టించి, వైరు పెట్టాను. గుయ్యి. తమ్ముడికి ఫోన్ చేసి చెబితే, ఎవరినో అడిగి, నిజమే అన్నాడు. కరెంటు అందిన క్షణంలో పెడల్ ఏ తీరులో ఉంటే అదే వదిలేసినట్టు అని ఆ కీబోర్డు అనుకుంటుందట. తొక్కి ఉంటే, తొక్కడమే దానికి వదలడం. మేం ఇన్నాళ్ళూ దానికి తలకిందులుగా చెప్పి, తలకిందులుగా పలికిందని తిట్టాం.

కారణం తెలిశాక బాగుచెయ్యడం ఎంతసేపు అనుకుంటారు ఎవరైనా. అనుకోండి. ముప్పై ఏళ్ళు ఒక పని ముందుగా చేసిన కాలికి ఆ పని చెయ్యొద్దని చెప్పి చూడండి. "వైరు పెట్టేదాకా కాలు కింద పెట్టు" అని నేనంటాను. "అట్టాగే" అంటాడు. అంటూనే కాలు పెడల్ మీద ఉంటుంది. చెప్పు విప్పి పెడల్ మీద పెట్టాను, చెప్పు మీదే తొక్కాడు. పెడల్ని దూరం జరిపితే కుర్చీ జరుపుకుని తొక్కాడు. పెడల్ని చేత్తో ఎత్తి పట్టుకుంటే కాలు గాల్లో ఆడింది. చివరికి వైరు పెట్టే ముందు ప్రతిసారీ నేను పక్కన నిలబడి, "కాలు" అనేదాన్ని. అంటేనే తీసేవాడు. అనకపోతే లేదు.

గుంటూరు వెళ్ళే రోజు నేను కూడా వెళ్ళాను. మోకాలితో బస్సు ఎక్కలేడని చెప్పుకున్నాం. రికార్డింగు ఆయన గది మేడ మీద. లోపల అద్దం గదిలో కీబోర్డు, పెడల్, కుర్చీ. ఇవతల కంప్యూటర్ల ముందు ఆయనా, ఇంకో కుర్రాయనా. నన్ను గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, "మీరు ఇక్కడ మాట్లాడకూడదమ్మా, లోపల లైటు ఎర్రగా ఉన్నప్పుడు తలుపు తియ్యకూడదు" అని చెప్పాడు.

మా ఆయన లోపల కూర్చున్నాడు. కుడి కాలు జరుపుకున్నాడు. ఎడమ కాలు ఎక్కడికి వెళ్తుందో నాకు తెలుసు. నేను లేచి అద్దం దగ్గరికి వెళ్ళేలోపలే కుర్రాయన ఏదో స్విచ్చి వేశాడు.

స్పీకర్లో మొదట రెండు స్వరాలు బాగానే వచ్చాయి. ఆ తర్వాత ఒకదాని మీద ఒకటి పడి గుయ్యిమన్నాయి. రికార్డింగు ఆయన ముఖం ముడుచుకుంది. మైకులో, "పెడల్ వదలాలి, స్వరం మారినప్పుడు వదలాలి" అన్నాడు. లోపల మా ఆయన వదిలేశాడు. వదిలితే ఇంకా గట్టిగా మోగింది. "వదలమంటుంటే తొక్కుతున్నాడేంటి" అని ఈయన కుర్రాయనతో అన్నాడు. లోపల మా ఆయన నుదుటికి చెమట పట్టింది. తల వంచి కిందికి చూస్తున్నాడు, కారణం తెలిసిన మనిషే, ఆ గాబరాలో ఒక్క మాట నోటికి రావడం లేదు.

నేను అద్దం ఇవతల నిలబడి నా ఎడమ కాలు ఎత్తి చూపించాను. నావైపు చూశాడు. మళ్ళీ ఎత్తాను. ఏమైంది, ముల్లు గుచ్చుకుందా అన్నట్టు చెయ్యి తిప్పాడు. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషికి నా కాలు ఎందుకు ఎత్తానో తెలియలేదు.

"ఆ విజయవాడ ఆయనకి ఫోన్ చేసి ఉంచు" అని రికార్డింగు ఆయన కుర్రాయనతో మెల్లగా అన్నాడు. అది నాకు వినపడింది. ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. తలుపు తీసుకుని లోపలికి వెళ్ళాను.

"అమ్మా, అమ్మా, తలుపు" అని వెనక నుంచి కేక.

"పీకండయ్యా ఆ వైరు" అన్నాను.

"ఏ వైరమ్మా?"

"కీబోర్డుకి కరెంటు ఇచ్చే వైరు. పీకి, నేను చెప్పినాక పెట్టండి." ఆయన వైపు తిరిగాను. "కాలు."

కాలు తీశాడు. రెండు కాళ్ళూ నేల మీద, చేతులు ఒళ్ళో, బళ్ళో పిల్లాడిలా కూర్చున్నాడు. కుర్రాయన అయోమయంగా వైరు పీకి పెట్టాడు. నేను బయటికొచ్చి, తలుపు వేసి, కుర్చీలో కూర్చున్నాను. మళ్ళీ గుయ్యిమంటే ఏ ముఖం పెట్టుకుని బస్సెక్కాలి అనుకున్నాను.

గుయ్యిమనలేదు. పాట మొదలు దగ్గర మెల్లగా ఎత్తుకున్నాడు. ఒక స్వరం పలికింది, అది తగ్గకుండానే రెండోది దానిలోకి వచ్చి కలిసింది, కలిశాక మొదటిది తప్పుకుంది. ఎడమ కాలు పైకీ కిందికీ ఆడుతోంది, తొందర లేదు. హార్మోనియం దగ్గర ఆయన ఎప్పుడూ శ్వాస బిగబట్టి వాయించేవాడు, గాలి తరుగుతుందేమోనని. ఇక్కడ ఊపిరి వదిలి వాయిస్తున్నాడు. పాట మొత్తం అయ్యేదాకా రికార్డింగు ఆయన కుర్చీలో వెనక్కి ఆనుకోలేదు. అయ్యాక, "ఇంకోసారి" అన్నాడు. ఆ మాట వాళ్ళకి మెచ్చుకోలని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం బాగా రాలేదేమో అనుకున్నాను.

సాయంత్రం దాకా నాలుగు పాటలు అయ్యాయి. ప్రతి పాటకీ ముందు కుర్రాయన ఏదో ఆపి వెలిగించడం, నేను తలుపు తీసి "కాలు" అనడం. మూడో పాటకి రికార్డింగు ఆయన తనే మైకులో "కాలు" అని చూశాడు. మా ఆయన వినిపించుకోలేదు. ఎవరో స్వరం సరిచేస్తున్నారనుకుని మెట్లు చూసుకున్నాడు. నేనంటేనే తీశాడు.

వెళ్ళేటప్పుడు రికార్డింగు ఆయన, "మిగతా పాటలకి సోమవారం రండి" అని ఆయనతో అని, నావైపు తిరిగాడు. "మీరు కూడా రావాలమ్మా. మీరు లేకపోతే కుదరదు."

"సోమవారం నాకు కళ్ళంలో పనుందయ్యా. కాయ ఎండింది, తొడిమలు తియ్యాల."

"తీసేవాళ్ళు ఇంకొకళ్ళు దొరకరా?"

"దొరుకుతారు. కాలు తీసేవాడు ఈయనొక్కడే దొరికాడు నాకు."

మా ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. చీకటి పడకముందే బస్సు దొరికింది. కిటికీ పక్కన కూర్చుని కుంటికాలు దారిలోకి చాపుకుని, ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ తగిలినప్పుడల్లా విసుక్కుంటూ, పప్పులో ఉప్పు గురించి కాకుండా రెండో పాట చివర ఎక్కడ తొందరపడ్డాడో చెబుతూ వచ్చాడు. నేను సగం విన్నాను. యడ్లపాడు దాటాక, "సోమవారం పొద్దున్నే ఆరింటి బస్సుకి పోదాం" అన్నాడు, నన్ను అడక్కుండానే.

"ఏడింటి బస్సు ఎక్కుదాం. ఆరింటికి పాలు కాగవు."

"ఏడింటిది ఆలస్యమవుద్ది."

"అయితే నువ్వు ఆరింటికి పో. నేను ఏడింటికి వస్తాను."

"నువ్వు రాకుండా నేను పోయి ఏం చెయ్యాల?"

"కాళ్ళు చేతుల్లో పట్టుకుని కూర్చో" అన్నాను. మొదలుపెట్టిన తర్వాత ఎన్ని సీడీలైనాయో, ఎన్ని మిరప సీజన్లలో నేను సగం కూలి వదులుకున్నానో ఇక్కడ రాయడం లేదు. సోమవారం మాత్రం ఆరింటి బస్సుకే వెళ్ళాం.